కొమ్ము బుష్

తిత్లీ తుపానుకి ముందటేడు
విశాఖలో ఎవరో వాడి వాడి వదిలేసిన పదడుగుల మిషన్ని
పాత్రో గారు అరటిగెలల లారీలో పర్లాకిమిడి తెచ్చారు.
నాలుగు హెడ్లు. ఒకటి అప్పటికే సగం మూగ.

నేను చేరింది ఆ తర్వాత.
చేరిన రోజే ఢిల్లేసు మావ అన్నాడు:
"దీని పని కాదే గుంటా, దీని పథ్యం నేర్చుకో."

పథ్యం అంటే,
రాత్రి షట్టరు దించే ముందు
హెడ్ల కింద సాల్వెంటులో తడిపిన గుడ్డ,
జొరమొచ్చిన పిల్ల నుదుటి మీద వేసినట్టు.
పొద్దున్నే చిన్న ముక్క మీద గీతల పరీక్ష,
రానివెన్నో లెక్కపెట్టి
సిరంజితో పీల్చి, వదిలి, పీల్చి.
బలం చేస్తే నాజిల్ చస్తుంది,
మొహమాటపడితే లేవదు.
వైపర్ రబ్బరు ఒక అంచు అరిగితే తిరగేసి రెండో అంచు,
రెండూ అరిగితే సైకిలు ట్యూబు.
క్యాపులో మెత్త గట్టిపడితే గిన్నెలు తోమే స్పాంజి.
చిన్న ఫ్లెక్సులన్నీ కుడివైపే వేస్తాం గనక
ఎన్‌కోడర్ పట్టీ అక్కడే మసకేసింది.
విప్పి, ఆ కొసని ఈ కొసకి బిగించాం.
ఏడేళ్లు ఖాళీగా కూర్చున్న సగం
అప్పుడు కొలువులోకొచ్చింది.

మెజెంటా నీరసించిన వారం
దినాల ఫ్లెక్సులు ముందు వేస్తాం, నలుపు తెలుపు చాలంటారు.
పుట్టినరోజు నాయకులు ఆగాలి,
లేకపోతే బుగ్గల నిండా పచ్చకామెర్లు.
ఒక్క గీత తప్పిందా, ముందు పోయేవి
తెలుగుకి తలకట్టు,
ఒడియాకి నెత్తిమీది గొడుగు.
"అచ్చరాలు బోడైపోనాయేటి?" అంటారు
రెండు భాషల వాళ్లూ.

మావ ఒకప్పుడు బోర్డులు రాసేవాడు.
రైలు గేటు దాకా ఎరువుల కొట్లన్నీ అతని చేతి వంపులే.
మిషన్ దిగిన వారానికి ఆఖరి బోర్డు.
ఆ కుంచెలతోనే ఇప్పుడు దీని పట్టాల దుమ్ము దులుపుతాడు.
దీని మీద కోపం లేదా అనడిగాను.
"ఉంటాది. ఆదివారాలు సెలవు కదా, అప్పుడు పడతాను."

మొన్న శ్రావణంలో
బెల్టు కొసన తిరిగే కప్పీ లోపల బుష్ అరిగిపోయింది.
క్యారేజి వెళ్లేటప్పుడు ఒక చోట, వచ్చేటప్పుడు ఇంకోచోట,
ప్రతి అక్షరం పక్కనా దాని దెయ్యం.
కంపెనీకి ఫోన్ చేస్తే ఒకమ్మాయి హిందీలో
ఆ మోడల్ ఆపేశాం అంది.
"మేం ఆపలేదమ్మా" అన్నాడు మావ, ఫోన్ పెట్టేశాక.
ఇత్తడిది చేయిస్తే వారానికే కీచుమంది, ఇరుసుని గీసేసింది.

అప్పుడు కొమ్ము పని వీధికి,
బౌరిబంధు మహారాణా దగ్గరికి.
దువ్వెనలూ కొంగలూ రొయ్య మీసాలూ చెక్కే మనిషి
పాత బుష్ని చెవి దగ్గర ఊపాడు,
చిటికెనవేలి గోటితో లోపల తడిమాడు.
గేదె కొమ్ములో కొసన, బోలు లేని చోట
ముక్క కోసి తరిమెన పట్టాడు.
రెండు గంటలు. ఆపైన ఒక రాత్రి కొబ్బరినూనెలో.
డబ్బులొద్దన్నాడు. ఫ్లెక్సు వేసిస్తామంటే
"ఎవరు చూస్తారు" అన్నాడు తెలుగులో.
ఒడియాలో ఇంకేదో అన్నాడు,
మావ అది నాకు చెప్పలేదు.

కొమ్ము మీద తిరిగి మొదట వేసింది
బస్టాండు ఎదుట తెరవబోయే కొత్త షాపు ఫ్లెక్సు.
సరికొత్త మిషన్, దాని ఫొటోతో సహా.
వాళ్లదింకా పెట్టెలోనే ఉందట, ముహూర్తం దగ్గరపడిందట.
ఇరవై అడుగులు. మా ముసల్ది అటూ ఇటూ నడిచి
ఒక్క గీత తప్పకుండా వేసింది,
మెజెంటాతో సహా.
పాత్రో గారు అడ్వాన్సు రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు.

ఎండ ముదిరిన మధ్యాహ్నాలు
మిషన్లోంచి సన్నగా వెంట్రుక కమిలిన వాసన.
వైరు కాలిందని పాత్రో గారు పరిగెత్తుకొస్తారు.
మావ లేవడు.
"గేదెకి చెరువు గుర్తొచ్చుంటాది" అని
నా వైపు నూనె సీసా తోస్తాడు.
ఒక్క చుక్క.
రెండు వేస్తే తిడతాడు.