గంజి పెట్టిన నల్ల గుడ్డ

బరంపురంలో వెలోడ్రోమ్ లేదు.
స్టేడియంలో మట్టి ట్రాకుంది,
పొద్దున్న పోలీసు పరీక్షకు పరిగెత్తే పిల్లలు,
సాయంత్రం ఆవులు.
అయినా నాకు ట్రాక్ సైకిలే కావాలి.
బ్రేకు లేనిది. గేరు ఒక్కటే.
చక్రం తిరిగినంతసేపూ కాలు తిరగాల్సిందే,
ఆగాలన్నా కాలితోనే ఆగాలి.

నాకు నలభై ఎనిమిది.
కరెంటు బిల్లుల కౌంటర్లో
ఇరవై మూడేళ్లు కూర్చున్న నడుం.
చీటీ పాడేశాను, డబ్బు చేతిలో ఉంది.
ఇక తేలాల్సింది ఒకటే:
ఉక్కా, కార్బనా.

దండాసి కొట్టు ఖోడాసింగి దారిలో.
మంచాలు, గేట్లు, ఏడాదికో రెండో ఫ్రేములు.
అతుకులో ఇత్తడి కరిగి పాకుతుంటే
ఊపిరి బిగబట్టి చూస్తాడు,
పాలు పొంగుతాయేమోనన్నట్టు.
గొట్టం కొస గోటితో మీటి
"ఇను" అన్నాడు.
విన్నాను. చాలాసేపు మోగింది.
"కొసల్లో మందం, నడుమ పల్చన.
పైకి తెలీదు, తొక్కితే తెలుస్తాది."

తన పాత బండి ఇచ్చాడు.
గోపాల్‌పూర్ రోడ్డు మీద ఎదురుగాలి,
సముద్రం కంటే ముందు దాని వాసన.
కాళ్లు ఆపబోయాను అలవాటు కొద్దీ,
బండి నన్ను లేపి వేసింది
మొండి దూడలాగ.

పాఢీ బాబు షాపులో ఏసీ.
ఫ్రేమును చూపుడువేలికి తగిలించి ఊపాడు.
"గాలికి ఇది కనబడదు దాదా."
ధర చెప్పాడు.
నాకూ కాసేపు ఏమీ కనబడలేదు.
పోనీలే అని అరచేతంత శాంపిల్ ముక్క ఇచ్చాడు,
నల్లగా, నిగనిగలాడుతూ.

ఇంట్లో ఆదెమ్మత్త చేతికిచ్చాను.
కుంభం అంచు పట్టుచీరలు నేసి నేసి
కళ్లు పోగొట్టుకున్న మనిషి,
ఇప్పుడు బొటనవేలితో చూస్తుంది.
"ఏటిదీ?"
"సైకిలత్తా. సైకిలు ముక్క."
"సైకిలేట్రా. గుడ్డరా ఇది!"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.
"ఇది పడుగు. ఇది పేక.
గంజి దట్టంగా ఎట్టి కాల్చినారు.
ఈ మూల పేక జారింది,
నేసినోడికి ఆ పూట మనసు లేదు."

భూతద్దం తెచ్చి చూశాను.
మెరుగు కింద, మూల దగ్గర,
ఒక్క పోగు, పక్కకి.

అంతవరకూ నేను
ఒక పక్క తాతల కాలం,
ఒక పక్క రేపటి కాలం పెట్టుకుని తూస్తున్నాను.
ముసలిది రెండు తట్టలూ ఎత్తి
అటుదిటు పెట్టేసింది.
గుంటమగ్గం మానేసి కౌంటరెక్కినవాణ్ని,
నా కొత్తదనమంతా
మా ఇంటి గుంటలోంచే లేచి వచ్చిందంటే
ఏం చెయ్యను?

రెండు రాత్రులు నిద్ర లేదు.
మూడోరోజు పాఢీ బాబునడిగాను:
"విరిగితే?"
మంచివాడు, దాచలేదు.
"విరగదు. విరిగితే మాత్రం ముందు చెప్పదు."
దండాసినీ అదే అడిగాను.
"ముందు రంగు పెచ్చులేస్తాది. తర్వాత మూలుగుద్ది.
వంగుద్ది. అప్పటికీ నువ్వు ఇనకపోతే
అది నీ తప్పు."

చెప్పకుండా ఆగిపోయేది ఒకటి
నా ఎడమ పక్క ఉందని
మొన్న డాక్టరు కాగితం మీద గీత చూపించాడు.
ఇంట్లో చెప్పలేదు.
కింద ఉండే బండి అయినా
మాట్లాడేదైతే బాగుండనిపించింది.
దండాసికి అడ్వాన్సు ఇచ్చాను.
కిలో పైచిలుకు ఎక్కువ బరువు. తెలుసు.
ఎవరితో పందెం నాకు?
ఆవులతో.

"నానైతే గుడ్డే కొందును" అంది అత్త,
నాలుగు రోజులు ముఖం మాడ్చుకుని.
శాంపిల్ ముక్క తిరిగివ్వలేదు.
డాబా మీద అప్పడాల చీరకి
మూల బరువుగా పెట్టింది.
మధ్యాహ్నం సముద్రపు గాలి ఒక్క విసురు విసిరింది,
ముక్క ఎగిరి సందులో పడింది.
"గాలిని గెలుస్తాదన్నావు కాదరా!"
డాబా పైనుంచి ఆమె నవ్వు,
అప్పడాలు పట్టుకోవడానికి పిల్లల పరుగులు.

దిగి వెతికాను.
మురుగు కాలవ గట్టున దొరికింది.
గీత కూడా పడలేదు.
గోటితో మీటాను.
అది ఏమీ అనలేదు.
తుడిచి జేబులో వేసుకున్నాను.