ముంత మసాలా కాగితాలు

ఎర్రమట్టి దిబ్బల్లో ఉంటాను.
నా ఒంటి రంగూ అదే, పగలు ఎవరికీ కనపడను.
జంటలు వచ్చి ఫొటోలు దిగుతారు
నా వీపుకి ఆనుకుని.

రాత్రి పన్నెండు దాటాక
ఒడ్డు పట్టుకుని బీచ్ రోడ్డు దాకా నడుస్తాను.
ఒకసారి ఋషికొండ మలుపులో ఓ లారీ డ్రైవరు నన్ను చూసి
తెలిసిన దేవుళ్ళందర్నీ పిలిచాడు.
ఒక్కరూ దిగలేదు.
నేనూ కాసేపు ఆగి చూశాను,
ఎవరైనా వస్తే పలకరిద్దామని.

నా చదువంతా ముంత మసాలా పొట్లాలదే.
సబ్‌మెరైన్ ముందూ, కాళీమాత గుడి పక్కనా
జనం తిని పారేసిన కాగితాలు
ఏరుకుని, ఇసక దులిపి, మోకాలి మీద సాపు చేసి
వీధిదీపం కింద కూడబలుక్కున్నాను.
టెన్త్ క్లాసు జవాబు పత్రాలు, కరెంటు బిల్లులు,
పెళ్ళిదాకా రాని నవలలు, మొదటి పేజీ లేని హత్యలు,
నిమ్మరసం తాగి ఉబ్బిన పద్యాలు.
ఒకమ్మాయి పూర్ణా మార్కెట్ దగ్గర రిక్షా ఎక్కి ఆరేళ్ళయింది.
ఇంకా దిగలేదు.

నాలాంటి వాళ్ళు కథల్లో చాలామందే ఉన్నారు.
కోరలుంటాయి, ఆకలుంటుంది,
ప్రాణం ఎక్కడో దాచిపెట్టి ఉంటుంది.
అమ్మ మాత్రం ఉండదు.
చివరి పేజీకి ముందు పేజీలో చస్తారు.
చివరి పేజీలో అందరూ భోంచేస్తారు.

నిఘంటువు ముక్క కూడా ఒకటి దొరికింది.
అర్ధం అంటే సగం అని అచ్చు వేశారు.
ధ పొట్టలో కారపు చుక్క పడి
అది అర్థం అయి కూర్చుంది.
అర్థం అంటే సగమే కాబోలనుకుని బతికాను చాలా కాలం.
తప్పని తెలిశాక కూడా
పెద్దగా దిద్దుకోలేదు.

తర్వాత ఈ కాగితం.
"వాడు తలుపు తట్టాడు. లోపల దీపం వెలుగుతోంది.
ముసలామె లేచి"
అక్కడ అయిపోయింది.
లాసన్స్ బే దాకా వెతికాను. రెండో ముక్క లేదు.

వాయుగుండం సాయంత్రం కరెంటు పోయి
ఊరు నాకు సరిపడా చీకటయ్యాక
దేవుడమ్మ బండి దగ్గరికి వెళ్ళాను.
ఆమె రెండు కళ్ళకీ శుక్లాలు.
"ఎవులది? ఉల్లిపాయలెక్కువెయ్యనా?"

నాకు మాటలొచ్చని నాకూ అప్పుడే తెలిసింది.
"కాయితం కావాలి."
"ఉత్త కాయితమా?" నవ్వి, కట్ట ముందుకి తోసింది.
"ముప్పయ్యేళ్ళ బట్టి సుడుతున్నాను.
ఏటి రాసుందో ఒక్కుడూ సెప్పనేదు. సదువు."

నా దగ్గరున్నదే చదివాను.
నా గొంతు మరబోటు ఇంజనులా ఉంటుంది.
"గట్టిగా సదువు, హోరుకి ఇనబడ్నేదు."

ముసలామె లేచి...

"తరవాతేటి?"

తర్వాతి పేజీలో నిన్నో మొన్నో
ఎవరికో మరమరాలు కట్టి ఇచ్చేసి ఉంటుంది.
ఈపాటికి సముద్రం చదివేసి ఉంటుంది.

"తరవాతేటిరా?"

నన్ను చూసి అందరూ ఏదో ఒకటి అరిచినవాళ్ళే.
ఇలా అడిగినవాళ్ళు లేరు.
డాల్ఫిన్ కొండ మీంచి లైట్‌హౌస్ వెలుగు
నా గోళ్ళ మీద ఒకసారి ఆగి పోయింది.
ఆమె చూసిందో లేదో. ఉల్లిపాయ తరుగుతోంది.

"ముసలామె లేచి," అన్నాను
కాగితం లేని చోటినించి,
"ఉల్లిపాయలెక్కువెయ్యనా అని అడిగింది."

కత్తి ఆగింది.
"అబద్దం," అంది దేవుడమ్మ.
అని, పొట్లాం చుట్టి నా చేతిలో పెట్టింది.

లోపలివైపు ఏదో అచ్చు ఉంది.
చదవచ్చులే.
ముందు తింటాను.