రెండో బండి

ఫోను స్పీకర్లో పెట్టి
టోస్టుకి వెన్న రాస్తున్నాడు ఎమ్రిస్.
అవతల అమ్మాయి అడుగుతోంది: రెండో కారు దేనికండీ?

డయాలసిస్‌కి. మంగళ, గురు, శనివారాలు.
టవిన్ నుంచి అబరిస్ట్‌విత్‌కి, మళ్ళీ ఇంటికి.
కిరాయికా?
కాదు, మైలుకింతని పెట్రోలు డబ్బులిస్తారు, అంతే.
అయితే వ్యాపారమా?
నెస్టాగారు ఓసారి కోడిగుడ్లిచ్చింది. ఆరు. అదీ చెప్పాలా?

నేను సింకు వైపు తిరిగి నవ్వాపుకున్నాను.

మొదటి కారుకి పంతొమ్మిదేళ్ళ మచ్చలేని పేరుంది,
అది దీనికి చెల్లదట.
అదే చెయ్యి, అదే కాలు, అదే వానరోడ్డు,
అయినా సున్నా నుంచి మొదలు.

ప్రీమియం ఎంతో చెప్పింది.
కత్తి వెన్నలోనే ఆగిపోయింది.
షెడ్డు రేకులు ఈ ఏడూ కారాల్సిందే.

ఇంకెవరైనా నడుపుతారా?

కిందటి వారం ఇతనికి జ్వరమొస్తే
పాత కారులో నెస్టాగారిని దింపింది నేనే
(ఆ మాట ఈ పిల్లకి చెప్పను).
దారంతా కళ్ళు మూసుకునే ఉందావిడ,
గేటు దగ్గర మాత్రం
సీటు వెచ్చగా ఉంది, ఇంకాసేపు కూర్చోనా అంది.

చేతులు తుడుచుకుని ఫోను దగ్గరికి జరిగాను.
నా పేరూ రాసుకోమ్మా. గ్వెన్‌లియన్.
తొందరేం లేదు,
ఒక్కో అక్షరమే చెప్తాను.