ఎనుమాముల రోడ్డు, రాత్రి పదకొండు

సీపీయూ మూత విప్పితే
ఫ్యాను రెక్కల నిండ పత్తి పీచు.
మార్కెట్ యార్డు గాలి, ఏడేండ్లది,
రెండు వత్తులకు సరిపోయేంత.

పాత ప్రాసెసర్ మీద ఎండిన పేస్టును
స్పిరిట్ దూదితోని తుడుస్తుంటే
సారక్క టార్చి పట్టుకొని నిలబడ్డది.
"కొత్తది పల్సగ రాయి,
తమలపాకుకు సున్నం లెక్క."

ప్రాసెసర్ బలం పెట్టకుండనే కూసున్నది.
నేనే ఊపిరి బిగబట్టిన.

హార్డ్ డిస్క్ పీకిన. ఇంకా వెచ్చగనే ఉన్నది.
రాత్రంత పిండిగిర్ని లెక్క గరగరలాడేది,
దాని పక్కనే చిన్నోడి మంచం.

కొత్త డిస్క్ పెట్టి స్విచ్ నొక్కిన.
తొమ్మిది సెకన్లల్ల తెర వెలిగింది.
చీటి పైసలు అంతకన్న జల్ది కరిగినయి.

గరగర లేదు.
చిన్నోడు దిగ్గున లేచి కూసున్నడు:
"నాయినా, కరెంటు పోయిందా?"