డెబ్బై రెండో నిమిషం తర్వాత

నల్లకుంటలో జిరాక్స్ షాపు మీది గది.
కాలి కింద పెడల్.
నొక్కితే ఎనిమిది మంది ఆడవాళ్లు మాట్లాడతారు.
కాలు తీస్తే నోట్లో మాట నోట్లోనే.

ఫైలు పేరు: బోరబండ, గ్రూపు నాలుగు.
మాదాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసేవాళ్లు.
మొహాలు తెలీవు నాకు.
నంబర్లు తెలుసు, దగ్గులు తెలుసు,
మూడో నంబరు గాజులు తెలుసు,
అంగన్‌వాడీ గోడ అవతల ఎవరింటిదో కుక్కరు
ఇరవయ్యో నిమిషానికి కూత పెడుతుందనీ తెలుసు.
పేరు వినబడితే చెరిపేయాలి, అది నియమం.
కుక్కరు కూతకి ఏ నియమమూ లేదు.
ఉంచేశాను.

అడిగే అమ్మాయి కాగితం చూసి చదివింది:
"పని ప్రదేశంలో గౌరవం అనే భావనను
మీరు ఎలా అర్థం చేసుకుంటారు?"
(మౌనం, పదకొండు సెకన్లు.)
కొంగు అడ్డం పెట్టుకున్న నవ్వొకటి.
మామూలు నవ్వుకీ దానికీ తేడా
ఈ పదేళ్లలో నా చెవికి పట్టుబడింది.
కాగితం మడిచిన చప్పుడు.
"అంటే అక్కా, మిమ్మల్ని మంచిగ జూస్తరా?"

అప్పుడు తెగింది కట్ట.
మాట మీద మాట, ఉర్దూ మీద తెలుగు,
తెలుగు మీద ఎవరి ఒళ్లోదో పసిపిల్ల ఏడుపు.
ఆ ఒక్క నిమిషం రాయడానికి నాకు అరగంట.

"వాళ్ల లిఫ్టుల అద్దముంటది మేడమ్.
మేమెక్కే దాంట్ల ఉండదు.
పద్నాలుగు అంతస్తులు
మొఖమెట్లున్నదో తెల్వకుండనే వోతం."

రెండో నంబరు.
రిపోర్టులో ఇది "సౌకర్యాల లభ్యత" కిందికి పోతుంది.
ఇలాంటివి చాలా పోవడం చూశాను.

ఆరో నంబరు మాత్రం పెదవి విప్పదు.
"మీరు చెప్పండక్కా" అంటే
"వాళ్లు జెప్పిండ్రు గదా, గదే."
రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ గదే.

డెబ్బై రెండో నిమిషంలో థాంక్యూలు,
బిస్కెట్ ప్యాకెట్లు, చాప దులపడం.
రికార్డరు ఆపడం మరిచారు.
అప్పుడు, ఊపిరి తగిలేంత దగ్గరగా, ఆరో నంబరు:

"గిదంత అడిగితె నీకెంతిస్తరు బిడ్డా?
మీ ఆఫీసుల నువ్వే లిఫ్టు ఎక్కుతవ్?"

తొమ్మిది సెకన్లు. లెక్కపెట్టాను.
జవాబు చెప్పేవాళ్ల మౌనానికి నా పట్టికలో గుర్తుంది.
అడిగేవాళ్ల మౌనానికి లేదు.
తర్వాత తలుపు, చెప్పులు,
గల్లీ చివర్నుంచి ఎవరో
ఆమెని పేరు పెట్టి పిలవడం.

ఆఫీసుకి ఫోన్ చేశాను.
"చర్చ అయిపోయింది కదండీ, అక్కడికి ఆపేయండి."
బిల్లు డెబ్బై రెండు నిమిషాలకే.

ఆపేశాను. పంపేశాను.
కింద జిరాక్స్ షాపు షట్టరు పడ్డాక
మళ్లీ పెడల్ మీద కాలు పెట్టాను,
ఎవరూ డబ్బివ్వని ఆ రెండు నిమిషాల కోసం.
ఆ పేరు మూడుసార్లు విన్నాను.
చెరపాల్సిన పని లేదు.
ఎక్కడా రాయలేదు కదా.