సుబ్బరత్నం గారి గ్లాసు

మొదటి రాత్రే బస్సు డ్రైవరు నన్ను బాతు అన్నాడు.
"ఎక్కు, డక్" అని.
సీట్లో కూచుని చాలాసేపు
నా నడక గురించి ఆలోచించాను.
తర్వాత తెలిసింది, స్టోక్‌లో అందరూ బాతులేనని,
మీసాల మేస్త్రీ కూడా,
చలానా రాసే పోలీసు కూడా.

సెప్టెంబరంతా రాత్రంటే
గోడకవతల ఎవరిదో టీవీ నవ్వు,
రైస్ కుక్కర్ ఎర్రలైటు.
క్లాసులో అందరం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళమే.
ఊరివాళ్ళని బిల్లు కౌంటరు దగ్గర తప్ప
చూసిందే లేదు.

ఒక గురువారం వాన తరిమితే
బర్స్లెంలో, కొండ దిగే మలుపు దగ్గర
పబ్బులోకి దూరాను.
తడిసిన కుక్క వాసన, వెనిగర్ వాసన.
మైకు పట్టుకుని ఒకాయన
ఎవరూ వినకపోయినా ప్రశ్నలడుగుతున్నాడు.
"నలుగురమే ఉన్నాం, ఐదో మనిషి కావాలి" అంది
ఒక పెద్దావిడ, కాలితో కుర్చీ నా వైపు తోస్తూ.
"ఫుట్‌బాల్ రాకపోయినా పర్లేదు. మాకూ రాదు."

పేరడిగారు. జ్యోత్స్న అన్నాను.
బల్ల చుట్టూ నాలుగు నోళ్ళు ప్రయత్నించాయి
వేడి బంగాళాదుంప నాలుక మీద పడ్డట్టు.
నాకేం బాధనిపించలేదు.
మా రేషన్ కార్డులో జోస్న,
పదో తరగతి మెమోలో జ్యోష్ణ,
అమ్మ కోపంలో ఒసే.
అర్థం చెప్పాక క్లైవ్ అనే ముసలాయన
జవాబుల కాగితం మీద 'జో' అని రాసి
పక్కన చిన్న నెలవంక గీశాడు.

ఆ రాత్రి నాకు తెలిసిన జవాబు ఒక్కటే.
పసుపు, మొక్కలో ఏ భాగం?
విత్తనం అని రాసేశారు అప్పటికే.
కొట్టించాను.
కొమ్ముకి ఇంగ్లిషు దొరక్క
బల్ల మీద మట్టి లేకుండానే తవ్వి చూపించాను.

చిప్స్ అయిపోయాయి.
కుర్చీ తోసినావిడ, బెరిల్,
ఖాళీ ప్లేటు ఎత్తి బోర్లించి
అడుగున ముద్ర చదివింది.
"మనది కాదు" అని మెల్లగా దించింది,
పక్కింటి పిల్లాణ్ణి ఒళ్ళోంచి దించినట్టు.
ముప్ఫై ఒక్కేళ్ళు కప్పుల అంచుకి
బంగారు గీత గీసిందట.
ఊపిరి బిగబట్టి ఒక్క చుట్టు.
దగ్గొస్తే కప్పు పోయినట్టే.
ఫ్యాక్టరీ మూసేసి ఇన్నేళ్ళయినా
ఎవరింటికెళ్ళినా ముందు సాసరు బోర్లిస్తుందట.

మేమూ చూస్తాం అన్నాను.
స్టీలు గ్లాసులు.
పెళ్ళిళ్ళలో కలిసిపోతాయని
చుక్కలు చుక్కలుగా పేరు కొట్టిస్తాం,
అక్షరానికి ఇంతని ఇచ్చి,
సరిగ్గా మీరు గీత గీసే చోట.
"తీసుకురా" అంది.

తర్వాతి గురువారం తీసుకెళ్ళాను
సూట్‌కేసులో సాక్సుల మధ్య వచ్చిన ఒకే ఒక్క గ్లాసు.
కళ్ళజోడు పెట్టుకుని లైటు కిందికి తిప్పింది.
ఏం రాసుందీ?
పి. సుబ్బరత్నం, 12-5-87.
"మీ నాయనమ్మా?"
తెలీదు.
ఏ పెళ్ళిలోనో మారిపోయి మా ఇంటికొచ్చింది.
మాదొకటి వాళ్ళింట్లో ఉండుంటుంది.

ముగ్గురూ పడీపడీ నవ్వారు. బెరిల్ నవ్వలేదు.
కళ్ళజోడు తీసేసి, బొటనవేలి గోరుతో
చుక్కచుక్కనీ తడుముకుంటూ చుట్టంతా తిరిగింది.
'రత్నం' దగ్గర కాస్త ఆగింది.
"ఎవడో గానీ, చెయ్యి వణకలేదు."
అని, అడక్కుండానే
తన షాండీలో సగం అందులోకి వంపి
నా ముందు పెట్టింది.

ఆ వారం నుంచి మా టీము పేరు సుబ్బరత్నం.
మైకాయన ప్రతిసారీ గొంతు సవరించుకుని
ఆ పేరు మీద ఎక్కి, జారి,
ఎలాగో అవతల దిగుతాడు.
మొత్తం ఏడు టీములు. మాది ఆరో స్థానం.

ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. నడుస్తున్నాను.
కోటు జేబులో గ్లాసు,
తాళం చెవి తగిలినప్పుడల్లా టింగుమంటోంది.
అమ్మా సుబ్బరత్నం గారూ,
ఎక్కడున్నారో,
కడిగే పెట్టానులెండి.
షాండీ సంగతి మాత్రం
ఇంట్లో చెప్పకండి.