రెండు వేళ్ల వదులు

మా కొండకి నూట అరవై మూడు మెట్లు.
పట్టాల మీద పైకి పాకే చెక్క పెట్టె
జూన్ చలి నుంచీ మరమ్మతులో ఉంది.
"త్వరలో" అని కాగితం అంటించారు.
ఆ కాగితమూ వెలిసిపోయింది.

అందుకని ఎనభై ఏడో మెట్టు దగ్గర ఆగుతాను.
ఆయాసానికి కాదు, సముద్రం చూడ్డానికి
అని చెబుతాను అడిగినవాళ్లకి.
వల్పరైసోలో ప్రతి మోకాలికీ ఈ అబద్ధం తెలుసు.
సముద్రం ఏమీ అనుకోదు.

ఆస్పత్రిలో మారిట్సా నా జబ్బకి పట్టీ చుట్టి
లోపలికి రెండు వేళ్లు దూర్చి చూసింది.
నాకు నవ్వొచ్చింది.
నలభై ఏళ్లుగా నేను చేస్తున్న పనే అది.
నడుం పట్టీకి రెండు వేళ్ల వదులు,
మెడకి ఒక వేలు.
మనిషి ఊపిరికి గుడ్డ కూడా చోటివ్వాలి.
"నూట అరవై రెండు" అంది మారిట్సా.
"ఎవరి నడుం?" అన్నాను.
ఆమె నవ్వలేదు.

ఉప్పు తగ్గించమన్నారు.
సాయంత్రం టీతో తినే రొట్టెలోనే ఉందట సగం.
రొట్టెలో రొట్టే ఉంటుందనుకున్నాను ఇన్నాళ్లూ.
అవకాడో మీద చల్లే చిటికెడు మానేస్తే
మొదటి వారం తడిగుడ్డ నమిలినట్టుంది.
మూడో వారానికి
అవకాడోకి తనదంటూ ఒక రుచి ఉందని తెలిసింది.
గొప్పలు పోను. ఉప్పుతోనే బావుండేది.

రోజూ అంకె రాసుకోమన్నారు.
ఇంట్లో ఉన్నది ఒకటే పుస్తకం, కొలతలది.
అందులో వీధంతా ఉంది.
ఎర్సీలియా ఛాతీ,
కవలలకి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, యాస్నా నడుము,
రేవులో క్రేను నడిపిన నోల్బెర్టో.

నోల్బెర్టో పేజీ దగ్గర వేలు తడబడుతుంది.
మార్చిలో తొంభై నాలుగు.
జూన్‌లో ఎనభై ఎనిమిది.
ఆగస్టులో ఎనభై ఒకటి.
మూడుసార్లూ అదే ప్యాంటు, నేనే బిగించాను.
"సన్నబడ్డావే" అన్నాను, మెచ్చుకోలుగా.
"మెట్లు" అన్నాడు, బెల్టు పట్టుకుని.
కుట్టు కనబడకుండా కుట్టాను.
ఎంత బాగా కుట్టానంటే
ఇంట్లో భార్యకి కూడా అనుమానం రాలేదు.

డాక్టరు కంటే ముందు నా టేపుకి తెలుసు.
నాకు తెలుసని అనలేను.
అంకె తెలియడం వేరు,
తెలియడం వేరు.

ఇప్పుడు అడుగుతున్నాను.
నోట్లో గుండుసూదులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి
మర్యాద కాకపోయినా అడుగుతున్నాను.
ఆకలవుతోందా?
రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది?
ఈ భుజం ఎప్పటినుంచి ఎత్తలేకపోతున్నావు?
కొందరు కసురుకుంటారు. ఒకాయన గుడ్డ వెనక్కి తీసుకుపోయాడు.
యాస్నా మాత్రం
కోటు ఒక చెయ్యి తొడుక్కుని, ఇంకో చెయ్యి వేలాడేసుకుని
అరగంట ఏడ్చింది.
టీ పెట్టాను. ఉప్పులేని రొట్టె ఇచ్చాను.
నన్ను తిట్టుకుంటూనే రెండు తింది.

నిన్న రాత్రి తలుపు గడియ పెట్టి
టేపు నా చుట్టూ నేనే చుట్టుకున్నాను.
ఇంతకాలం నా బట్టలు కంటి అంచనాతో కుట్టుకున్నాను,
ముప్పై ఏళ్లప్పటి నన్ను ఆదిగా పెట్టుకుని.
అందుకే కాబోలు చంకల్లో అన్నీ పిగిలిపోయేవి.
నడుము రాశాను. ఛాతీ రాశాను.
పక్కన ఆ రోజు రక్తపోటు రాశాను.
పేజీ నెత్తిన ఏం రాయాలో తోచక
"మొహమాటపు ఖాతా" అని రాసి, కొట్టేసి,
ఓర్ఫీలియా అని రాశాను.
నా చేతిరాతలో నా పేరు
ఎవరిదో బాకీలా కనబడింది.

పొద్దున్న ఎనభై ఏడో మెట్టు.
గ్యాస్ బండ భుజాన మోసుకొస్తున్న కుర్రాడు
"సముద్రమా?" అన్నాడు.
"కాదు బాబూ, ఆయాసం."
వాడు ఒక్క క్షణం చూసి
బండ దించి నా పక్కన నిలబడ్డాడు.
కాసేపు ఇద్దరం
సముద్రం వైపు చూడకుండా ఉన్నాం.